పదమూడు నెలల పాపతో బ్యాంకాక్: అందరూ ఎత్తుకుంటామనేవాళ్ళే

జనవరి 5 రాత్రి వైజాగ్‌లో విమానం ఎక్కి, 11 రాత్రి తిరిగొచ్చాం. నేను, మా ఆయన, పదమూడో నెల నడుస్తున్న పాప. వెళ్ళే ముందు నేను వెతికి చదివిందంతా పాలపొడి ఎంత పట్టుకెళ్ళాలి, డైపర్లు అక్కడ దొరుకుతాయా, విమానంలో చెవి నొప్పి వస్తే ఏం చెయ్యాలి అన్నదే. అవన్నీ సులువుగా గడిచిపోయాయి. ఎవరూ చెప్పనిది ఒకటుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పొద్దుట నుంచి రాత్రి దాకా పిల్ల కోసం చేతులు చాపుతూనే ఉంటారు. ఎక్కడ సరేనన్నామో, ఎక్కడ గట్టిగా వద్దన్నామో, మధ్యలో మేమిద్దరం ఎందుకు పోట్లాడుకున్నామో అదే రాస్తున్నాను.

పాస్‌పోర్ట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆగస్టులో అప్లై చేశాం. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి పది శాతం తగ్గింపు ఉంది కాబట్టి వెయ్యికి బదులు 900 కట్టాం. అమ్మానాన్న ఇద్దరి సంతకాలతో అనెక్జర్ డి అనే ఫారం ఇవ్వాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకైతే ఫోటో మనమే తీయించి పట్టుకెళ్ళాలి, వెనక తెల్లగా ఉండాలి. ద్వారకానగర్ స్టూడియోలో ఆ ఒక్క ఫోటోకి ముప్పావుగంట పట్టింది. నేను తెల్ల దుప్పటి వెనక దాక్కుని పాపని నిలబెడితే, ఫోటోగ్రాఫరు తాళాల గుత్తి ఆడిస్తూ క్లిక్ చేశాడు. మర్రిపాలెం ఆఫీసులో పని రెండు గంటల్లోపే అయిపోయింది. మా ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఒకరి పేరు ఒకరికి ఎక్కి ఉండటంతో పోలీసులు ఇంటికి రాలేదు. రెండో వారంలో స్పీడ్ పోస్ట్ వచ్చేసింది.

అసలు తిరకాసు ఆ ఫోటోలోనే ఉంది. అందులో పాపకి నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు. నవంబరు మొదట్లో, కార్తీకంలో, పదకొండో నెల దాటకుండా సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించాం. అది మొక్కు, టికెట్లు బుక్ చేశాం కదా అని వాయిదా వేసేది కాదు. జనవరికి నిక్కబొడుచుకున్న పొట్టి జుట్టు మాత్రమే వచ్చింది. చెవులు ఇంకా కుట్టించలేదు. చూసినవాళ్ళందరికీ మగపిల్లాడే.

మా అత్తగారిది పాలకొండ దగ్గర. ప్రయాణమని తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే పాట. "గుంటని ఎవలి సేతికీ ఇవ్వకండర్రా. కొత్త సోటు, కొత్త కళ్ళు. దిష్టి తగిలేత్తాది." కాటుక డబ్బా స్వయంగా నా హ్యాండ్‌బ్యాగులో పెట్టారు. బుగ్గ మీద ఒక చుక్క, అరికాల్లో ఒక చుక్క, రోజూ స్నానం చేయించగానే పెట్టాలని ఒట్టు వేయించుకున్నారు. మా ఆయన ఆఫీసులో సంగతి ఇంకోలా ఉంది. బ్యాంకాక్ అనగానే అదోలా నవ్వారట, పాపతో అనగానే "ఇంకెందుకురా!" అన్నారట.

థాయ్‌లాండ్‌కి మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకి వీసా అక్కర్లేదు. కానీ 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ పెట్టారు, దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. పాపకి కూడా విడిగా నింపాలి. దానికి డబ్బులేమీ లేవు, డబ్బులు అడిగిన సైట్ అంటే అది ప్రభుత్వానిది కాదు.

మేం సింగపూర్‌లో విమానం మారేలా టికెట్ తీసుకున్నాం. వైజాగ్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర పాలసీసా, మరగకాచిన నీళ్ళు చూసి ఏమీ అనలేదు. తనిఖీ చేసే సీఐఎస్‌ఎఫ్ అమ్మాయి పాప పొట్ట మీద గిలిగింత పెట్టి పంపింది. ఇమిగ్రేషన్‌లో మాత్రం ఆగాం. ఆఫీసరు పాస్‌పోర్ట్ చూశాడు, పాపని చూశాడు, మళ్ళీ పాస్‌పోర్ట్ చూశాడు. "టోపీ తీయండి" అన్నాడు. తీస్తే సందేహం ఇంకా పెరిగింది. "సింహాచలంలో తీయించామండీ" అన్నాను. గుండు రోజు ఫోటోలు ఫోన్‌లో చూపించాను, ముందు జుట్టుతో, తర్వాత గంధంతో. నవ్వి స్టాంపు వేశాడు. గుండు చేయించి వెళ్ళేవాళ్ళు ఆ ఫోటోలు ఫోన్‌లో చేతికి అందేలా ఉంచుకోండి, బర్త్ సర్టిఫికెట్ కాపీ కూడా. సింగపూర్ ఆఫీసరుకో బ్యాంకాక్ ఆఫీసరుకో అప్పన్న మొక్కు గురించి చెప్పే ఇంగ్లీషు నాకైతే రాదు.

విమానంలో పక్క సీటులో గాజువాక ఆంటీ ఒకావిడ, సింగపూర్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. ఎక్కిన పావుగంటలోనే పాప ఆవిడ ఒళ్ళో ఉంది. నేను బాత్రూమ్‌కి వెళ్తూ "కాస్త చూడండి ఆంటీ" అని ఇచ్చేసి వెళ్ళాను. మా ఆయన నిద్రలో ఉన్నాడు. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. తెలుగు మాట్లాడారు, చేతికి మట్టి గాజులున్నాయి, అంతే నాకు సరిపోయింది. తర్వాత బ్యాంకాక్‌లో నేను పడ్డ టెన్షన్ గుర్తొచ్చినప్పుడల్లా ఇది కూడా గుర్తొస్తుంది.

సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్టులో మూడు గంటలకు పైనే ఆగాం. అక్కడ ఎవరూ ముట్టుకోలేదు. ఊడ్చే పెద్దావిడ దూరం నుంచి చెయ్యి ఊపింది, కాఫీ కొట్టు కుర్రాడు కన్ను గీటాడు. పాపే వాళ్ళ వైపు పాకుతూ వెళ్ళింది. పిల్లల గదిలో వేడినీళ్ళ కుళాయి ఉంది, పాలు కలపడం సులువు.

6వ తేదీ మధ్యాహ్నం బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగాం. ఇమిగ్రేషన్ వరుస పాములా మెలికలు తిరిగి ఉంది. మేం చివర నిలబడగానే ఒక ఉద్యోగిని వచ్చి, పాపని చూపించి, పక్కనున్న చిన్న వరుసలోకి పంపింది. వెనకవాళ్ళెవరూ సణగలేదు. కౌంటర్‌లో ఉన్నావిడ పాస్‌పోర్ట్ ఫోటోని అసలు పట్టించుకోలేదు, అద్దం వెనక నుంచి దాగుడుమూతలు ఆడింది. మేం ప్రాక్టీసు చేసుకున్న ఇంగ్లీషు అంతా వేస్టయింది.

హోటల్ ఫయా థాయ్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరం. సాయంత్రం సందు చివర నూడుల్స్ కొట్టుకి వెళ్ళాం. ప్లాస్టిక్ బల్లలు, గోడ పక్కన చేపల తొట్టె. కొట్టావిడకి మా అమ్మ వయసు ఉంటుంది. ఆర్డరు తీసుకుని, ప్లేట్లు తెచ్చి పెట్టి, నా ఒళ్ళోంచి పాపని తీసేసుకుంది. అడగడం కాదు, "ఇటివ్వు" అన్నట్టు చేతులు చాపడం, ఎత్తుకోవడం రెండూ ఒకేసారి అయిపోయాయి. నువ్వు తిను అని ప్లేటు వైపు చూపించింది.

నాకు చెమటలు పట్టాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మెసేజ్‌లన్నీ వరసగా కళ్ళ ముందు కదిలాయి. మా ఆయనతో "వెళ్ళి తీసుకురండి" అన్నాను. ఆయన నూడుల్స్ నోట్లో పెట్టుకుని "ఎక్కడికి వెళ్తుంది, చేపలు చూపిస్తోంది" అన్నారు. నిజమే, ఆవిడ నాలుగు బల్లల అవతల తొట్టె ముందు నిలబడి ఉంది. ప్రతి నిమిషానికీ ఒకసారి పాపని నా వైపు తిప్పి చూపిస్తోంది. ఆవిడ అలా తిప్పడం నేను గమనించాకే నా భుజాలు కిందికి దిగాయి. పిల్లని తీసుకెళ్ళినా తల్లి కంటికి అందేలా ఉంచాలని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాప పుట్టాక హోటల్లో వేడివేడిగా తిన్న తిండి అదే. ఇంట్లో కూడా ఒకరు తింటుంటే ఒకరు ఎత్తుకోవడమే.

మర్నాడు రాత్రి మళ్ళీ అక్కడికే వెళ్ళాం. ఈసారి నేనే ఇచ్చాను. ఆవిడ పాప బుగ్గ మీద దిష్టి చుక్క చూసి "అయ్యో" అన్నట్టు మొహం పెట్టి, తడి టిష్యూతో తుడవడం మొదలుపెట్టింది. కాటుక అంత త్వరగా పోదు కదా, ఇంకా గట్టిగా రుద్దింది. మసి అంటుకుందనుకుంది పాపం. నేను లేచి వెళ్ళే లోపే బుగ్గ ఎర్రగా, శుభ్రంగా అయిపోయింది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి చుక్క అరికాల్లో మాత్రమే. అత్తయ్యకి వీడియో కాల్‌లో బుగ్గ కనపడకుండా ఫోన్ పట్టుకోవడం ఇంకో పని.

ఊళ్ళో చాలామంది నలుపు బట్టల్లో ఉన్నారు. 2025 అక్టోబరులో థాయ్ రాజమాత సిరికిత్ చనిపోయారు, ఆ సంతాపం అప్పటికి ఇంకా నడుస్తోంది. నల్ల బట్టల్లో గంభీరంగా నిలబడ్డ ఆఫీసు ఉద్యోగులు పాప కనపడగానే ఒక్కసారి కరిగిపోయేవాళ్ళు. బీటీఎస్ మెట్రో రైలులో 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి సీటిచ్చారు. 7వ తేదీన కాలేజీ యూనిఫామ్‌లో ముగ్గురు అమ్మాయిలు ఎదురుగా నిలబడి, ఫోన్ చూపించి, ఫోటో తీసుకోమంటారా అని సైగ చేశారు. నేను తల అడ్డంగా ఊపాను. వాళ్ళు రెండు చేతులూ జోడించి, నవ్వి, ఫోన్ బ్యాగులో పెట్టేశారు. దిగే దాకా పాపతో ఆడారు. వద్దంటే ఏమైనా అనుకుంటారేమోనని నేను పడ్డ మొహమాటం అక్కడితో పోయింది.

8వ తేదీ వాట్ ఫో గుడిలో జరిగింది వేరు. 46 మీటర్ల పొడవు పడుకున్న బుద్ధుడు అక్కడే. పెద్దవాళ్ళకి 300 భాట్లు, చిన్నపిల్లలకి టికెట్ లేదు. ఎండ మండిపోతోంది, పాపని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి ప్రాంగణంలో నీడన ఆపాం. వేరే దేశం నుంచి వచ్చిన టూరిస్టు గుంపు ఒకటి, స్థానికులు కాదు, మా చుట్టూ మూగింది. మొదట బుగ్గలు తాకారు. తర్వాత ఒకావిడ బెల్టు తీసి పాపని చంకల కింద పట్టుకుని లేపేసింది. పక్కావిడకి అందించింది. ఆవిడ నుంచి ఇంకొకరికి. ఫోన్లన్నీ పైకి లేచాయి. పాప ముందు అయోమయంగా చూసి, తర్వాత ఊపిరి బిగబట్టి ఏడుపు అందుకుంది. వాళ్ళు ఆ ఏడుపుకీ నవ్వారు. "వద్దండీ! ఇచ్చెయ్యండి!" అని తెలుగులోనే అరిచాను, ఇంగ్లీషు గుర్తు రాలేదు. నేను లాక్కున్నాక కూడా ఒకావిడ "ఒక్కటి" అన్నట్టు వేలు చూపించింది.

ఫోటోలు డిలీట్ చెయ్యమని మా ఆయన అడిగారు. ఒకావిడ మా ముందే చేసింది. మిగతావాళ్ళు గైడు జెండా వెనకాల వెళ్ళిపోయారు. ఏడుస్తున్న నా పిల్ల ఫోటో ఎవరి ఫోన్లో ఉందో, ఎవరి పేజీలో పెట్టారో నాకు తెలిసే అవకాశం లేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అప్పటి నుంచి జనం ఎక్కువున్న చోట స్ట్రోలర్ తీయలేదు. అందులో పిల్ల సరిగ్గా అందరి చేతులకీ అందే ఎత్తులో ఉంటుంది, పైగా అమ్మ వెనకాల ఉంటుంది. గుండెకి కట్టుకునే క్యారియర్‌లో ఉంటే పిల్లని ముట్టుకోవాలంటే నా మీద చెయ్యి వెయ్యాలి, అందుకు ఎవరైనా తటపటాయిస్తారు. ఎండలో చెమట కారుతుంది, నడుము లాగేస్తుంది, అయినా తేడా అదే రోజు తెలిసింది. మేం రూ. 2,800 పెట్టి వైజాగ్‌లోనే కొన్నాం, ప్రయాణం మొత్తంలో డబ్బుకి తగ్గ పని చేసిన వస్తువు అదొక్కటే.

అదే సాయంత్రం వాట్ అరుణ్ గుడి చూసి నది దాటి వస్తున్నాం. పడవ రేవులో ఒక వయసైన బౌద్ధ భిక్షువు కూర్చుని ఉన్నారు. పాప ఆయన కాషాయం చూసి ముందుకి వంగి చెయ్యి చాపింది. ఆయన నవ్వి, వేలు అందించబోతూ "బాయ్?" అని అడిగారు. "గర్ల్" అన్నాను. వేలు వెనక్కి వెళ్ళిపోయింది. కోపంగా కాదు, అలవాటుగా. అక్కడ భిక్షువులు ఆడవాళ్ళని తాకరు, పసిపిల్లలైనా అంతే. ఆయన అక్కడి నుంచే ఏదో మెల్లగా చదివి కళ్ళు మూసుకున్నారు. పాప చెయ్యి చాపే ఉంచింది, నేను మెల్లగా దించాను. ఊరు ఊరంతా ముట్టుకున్న పిల్లని ముట్టుకోని మనిషి ఆయన ఒక్కరే, అది కూడా గుండు చూసి ముందు పొరబడి. ఇది నాకు బాధగా అనిపించాలా అని కాసేపు ఆలోచించాను. అనిపించలేదు. మధ్యాహ్నం వాట్ ఫోలో పది చేతుల కంటే ఆ దూరమే ఎక్కువ మర్యాదగా తోచింది.

రాత్రి హోటల్లో గొడవ. మా ఆయన లెక్కలో వాట్ ఫో గుంపు ఒక్కటే తప్పు, మిగతాదంతా సరదా. "మన పాప సెలబ్రిటీ అయిపోయింది" అని వాళ్ళ అన్నయ్యకి ఫోన్‌లో చెప్తున్నారు. నాకు అలా లేదు. ఎవరు ఎప్పుడు ఏ పక్క నుంచి చెయ్యి పెడతారో చూసుకుంటూ ఉండటంతో సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోతోంది. ఇంకో తేడా కూడా చెప్పాను. ఆయన ఎత్తుకుంటే అందరూ "మంచి నాన్న" అన్నట్టు బొటనవేలు చూపిస్తారు. నేను ఎత్తుకుంటే టోపీ సరిచేస్తారు, సాక్సు పైకి లాగుతారు, నీళ్ళు తాగించమంటారు. ఆయన మొదట నవ్వారు. "రేపు లెక్కపెట్టండి" అన్నాను. చివరికి ఒక మాట మీదికి వచ్చాం. అడిగితే ఇద్దాం, పాప వాళ్ళ వైపు వంగితేనే ఇద్దాం, మెడ తిప్పేసుకుని మన భుజంలో మొహం దాచుకుంటే ఎంత మంచివాళ్ళైనా ఇవ్వొద్దు. ఫోటో ఎవరికీ వద్దు. వద్దని చెప్పే పని ఆయనది. మొహమాటం నాకే ఎక్కువ కాబట్టి.

9వ తేదీ పొద్దున టిఫిన్ దగ్గర ఆయనకి లెక్క దొరికింది. కోనసీమ నుంచి వచ్చిన టూర్ బ్యాచ్ అదే హోటల్లో దిగింది. తెలుగు మాట వినగానే ఇద్దరు ఆంటీలు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఆప్యాయత ఎంతో, ప్రశ్నలూ అంతే. ఏడాది నిండినా చెవులు కుట్టించలేదే? పాలు మాన్పించావా? ఇంత చిన్నదాన్ని ఇంత దూరం ఎవరు తీసుకెళ్ళమన్నారు? నీళ్ళు పడకపోతే? ఇంత సన్నగా ఉందేం, అన్నం పెట్టట్లేదా? రెండోది ఎప్పుడు? పక్కనే పాపకి ఇడ్లీ లేదని బ్రెడ్డు తినిపిస్తున్న మా ఆయన్ని మాత్రం "ఎంత ఓపికో బాబుకి" అన్నారు. ఆయన నా వైపు చూసి తల దించుకున్నారు. థాయ్ వాళ్ళు పిల్లని ముట్టుకున్నారు, మనవాళ్ళు నన్ను పరీక్ష పెట్టారు. రెంటిలో నాకు ఏది ఎక్కువ బరువనిపించిందో చెప్పక్కర్లేదు. అయితే వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఒకావిడ తన బ్యాగులోంచి సున్నుండల డబ్బా తీసి నా చేతిలో పెట్టి "నువ్వు తిను, పిల్లకి కాదు" అన్నారు. దాంతో కోపం సగం పోయింది.

ఆ మధ్యాహ్నం ఒక షాపింగ్ మాల్ బయట పళ్ళ బండి అబ్బాయి పాప చేతిలో ఒక లోంగన్ పండు పెట్టాడు. మన లిచీ లాంటిదే, ఇంకా చిన్నది, లోపల నున్నటి నల్ల గింజ. తొక్క తీసి ఇచ్చాడు, గింజతోనే. నేను డబ్బులు తీస్తుండగా అది నోట్లోకి వెళ్ళిపోయింది. వేలు పెట్టి బయటికి లాగాను. అబ్బాయి కూడా హడలిపోయాడు, పదే పదే చేతులు జోడించాడు. ముట్టుకోవడం, ఎత్తుకోవడం కంటే దీనికి భయపడాలి. ఎవరు ఎత్తుకున్నా పిల్ల చేతుల మీద ఒక కన్ను ఉంచండి. ప్రేమగా పెట్టే ద్రాక్షపండు కూడా అంతే ప్రమాదం.

రాత్రికి పాప ఒళ్ళు వెచ్చబడింది. 101 దాకా వెళ్ళింది. ఇంతమంది చేతులు, ముద్దులు, ఏసీలోకీ ఎండలోకీ తిరుగుళ్ళు, ఏది కారణమో చెప్పలేం. వైజాగ్ డాక్టరు గారు పాప బరువుకి ఎంత వెయ్యాలో రాసిచ్చిన చీటీ, పారాసిటమాల్ సిరప్ మా దగ్గరే ఉన్నాయి. అయినా మనసాగక మందుల షాపుకి వెళ్తే, అక్కడి ఫార్మసిస్టు ముందు బరువెంత అని అడిగింది, చీటీ చూసి, అదే వెయ్యండి, కొత్త మందు వద్దు అంది. ఓ.ఆర్.ఎస్ ప్యాకెట్లు మాత్రం ఇచ్చింది. ఆ రాత్రి నాకు అత్తయ్య మాటలే చెవుల్లో. దిష్టి అనే దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అర్ధరాత్రి ఒంటిగంటకి హోటల్ గదిలో ఉప్పు పొట్లం కోసం వెతికిన మాట మాత్రం నిజం.

10వ తేదీన ఎక్కడికీ వెళ్ళలేదు. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. సాయంత్రం నూడుల్స్ కొట్టావిడకి చెప్పి వద్దామని వెళ్ళాం. పాప నీరసంగా ఉండటం చూసి ఆవిడ ఈసారి ఎత్తుకోలేదు. లోపలికి వెళ్ళి తెల్ల దారం తెచ్చి, నా వైపు చూసి, నేను తల ఊపాక మణికట్టుకి కట్టింది. కడుతూ ఏదో గొణిగింది. హోటల్ రిసెప్షన్‌లో ఇంగ్లీషు వచ్చిన అమ్మాయిని అడిగితే, పిల్లకి ప్రాణం ఒంట్లో నిలబడాలని పెద్దవాళ్ళు అలా కడతారంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. వాళ్ళ అమ్మమ్మల కాలంలో పసిపిల్లల్ని ఎవరూ బాగున్నారని పైకి అనేవాళ్ళు కాదట, దెయ్యాలు వింటాయని కావాలనే వంకలు పెట్టేవాళ్ళట. మా అత్తయ్య ఆ ఊళ్ళో హాయిగా బతికేస్తారు.

11 రాత్రి పది దాటాక వైజాగ్‌లో దిగాం. అత్తయ్య గుమ్మంలోనే ఆపి ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో పడేశారు. ఘాటు రాలేదట, "సూసినావా ఎంత దిష్టో" అన్నారు. దారం చూసి "ఇదేటి?" అని అడిగారు. చెప్పాను. విప్పుతారనుకున్నాను. "ఉండనీ, ఎవలో మంచి మనిసే కట్టింది" అన్నారు. మర్నాడు డాక్టరు గారు చూసి వైరల్ అన్నారు, ఫీజు 600, మందులు 240.

ఖర్చు అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. ముగ్గురికీ టికెట్లు 68,000, ఒళ్ళో పిల్లకి కూడా ప్రతి విమానానికీ విడిగా కట్టాలి. హోటల్ 21,000. తిండి, రైళ్ళు, ట్యాక్సీలు, గుడి టికెట్లు కలిపి 27,000 దాకా. రెండేళ్ళు దాటితే పాపకి పూర్తి సీటు కొనాలి, అందుకే ఇప్పుడు వెళ్ళాం.

14న భోగి. సాయంత్రం పాపకి భోగిపళ్ళు పోశాం. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లరతో పాటు మిగిలిన భాట్ నాణేలు కూడా అత్తయ్యే కలిపారు. అపార్ట్‌మెంట్ మొత్తం వచ్చారు. అందరూ ఎత్తుకుంటామన్నారు. పాప కొందరి వైపు వంగింది, కొందర్ని చూసి నా భుజంలో మొహం దాచుకుంది. దాచుకున్నప్పుడల్లా మా ఆయన ముందుకొచ్చి "ఇప్పుడు వద్దులెండి" అన్నారు. బ్యాంకాక్‌లో అపరిచితులకి చెప్పినంత తేలిక కాదు అది. పెదమావయ్య గారు పాప ఏడుస్తుండగా వీడియో తీసి, ఊళ్ళో ఉన్న చుట్టాలందరి గ్రూపులోనూ, తన ఫేస్‌బుక్‌లోనూ పెట్టారు. ఫేస్‌బుక్‌లోంచి తీసెయ్యమని అడిగాం. తీసేశారు. సంక్రాంతి రోజు భోజనానికి రాలేదు, మొన్న ఎదురుపడితే నాతో మాట్లాడలేదు కూడా.